డిస్క్ క్యాష్ మార్చే ముందు

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

మండీ లెక్కల సర్వర్ నెమ్మదించిందని, శనివారం రాత్రి మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో దాని డిస్క్ క్యాష్ (డిస్క్ డేటాను తాత్కాలికంగా దగ్గర ఉంచుకునే వేగమైన నిల్వ) సెట్టింగు మార్చబోతున్నానని నీవు రాసిన మెయిలు చూశాను. పని సరైనదే. పోర్టల్‌లో మాత్రం అది జాబితాలో ఒక మాటకు బదులు ఇంకొకటి ఎంచుకొని సేవ్ నొక్కినంత తేలికగా కనిపిస్తుంది కనుక, లోపల జరిగేదేమిటో తెలుసుకొన్నాకే నీవు దానికి కూర్చోవాలి.

డేటా డిస్క్ క్యాష్ మార్చినప్పుడు అజూర్ ఆ డిస్క్‌ను మెషీన్ నుంచి విడదీసి మళ్ళీ తగిలిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే ఓఎస్ డిస్క్ అయితే మెషీనే రీస్టార్ట్ అవుతుంది. ఆ కాసేపట్లో డేటాబేస్ రాస్తూ ఉంటే ఫైళ్ళు చెడిపోవచ్చు. ఒక వేరుశనగ వ్యాపారి దగ్గర, కోతలు ముగిసి లారీలు బారులు తీరిన రోజుల్లో, భోజన వేళ ఎవరూ పని చేయరని నమ్మి, నేను డేటాబేస్ నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను ఆపకుండానే ఈ మార్పు చేశాను. డేటాబేస్ మళ్ళీ తెరుచుకోలేదు. ముందురోజు రాత్రి బ్యాకప్ ఎక్కించిన తరువాత, గుమాస్తా ఇనుప కమ్మికి గుచ్చి ఉంచిన కాటా చీటీలను ఒక్కొక్కటే ఊడదీసి బస్తాల లెక్క, తూకం చదువుతూ ఉంటే, నేను రాత్రి పదకొండు దాకా మళ్ళీ ఎక్కించాను. ఆ చీటీలు లేకపోతే ఆ పూట సరుకు తెచ్చిన రైతులకు లెక్క చెప్పగలిగేవాళ్ళం కాదు.

కాబట్టి ముందుగా బిల్లింగ్ అప్లికేషన్‌ను, తరువాత డేటాబేస్ సర్వీసును ఆపు. బ్యాకప్ తీసి, అది వేరొక చోట తెరుచుకుంటోందని చూసుకో. ఏ డిస్క్ ఏ లన్ సంఖ్య (మెషీన్ ఒక్కో డిస్క్‌ను గుర్తించే సంఖ్య) మీద ఉందో, ఇప్పుడున్న క్యాష్ ఏదో కాగితం మీద రాసిపెట్టుకో. రెండు డిస్కులు ఒకే సైజులో ఉన్నప్పుడు పొరపాటు జరిగేది అక్కడే.

ఇక ఏది ఎంచుకోవాలన్నది. డేటా ఫైళ్ళున్న డిస్క్‌కు రీడ్ ఓన్లీ, అంటే చదువులకు మాత్రమే క్యాష్, పెట్టు. పాత బిల్లులు, ఖాతాలు పదే పదే చదివే పని కనుక, ఆ చదువులు హోస్ట్ (మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్) మీది క్యాష్ నుంచే అంది, డిస్క్ మీద భారం తగ్గుతుంది. డేటాబేస్ మార్పుల చిట్టా రాసే లాగ్ డిస్క్‌కు నన్, అంటే క్యాష్ లేకుండా, ఉంచు. అక్కడ రాయడమే తప్ప తిరిగి చదివేది తక్కువ. రీడ్ రైట్ జోలికి పోవద్దు, ఎందుకంటే అందులో రాత క్యాష్‌కు చేరగానే పూర్తయినట్లు తెలుస్తుంది కానీ డిస్క్‌కు చేరడం ఆ తరువాత జరుగుతుంది; ఈలోగా ఏదైనా ఆగిపోతే ఆ రాత పోవచ్చు. ఓఎస్ డిస్క్‌కు మొదటి నుంచీ ఉండేది ఈ రీడ్ రైటే; దాన్ని కదిలించనవసరం లేదు. 4,095 జీబీకి మించిన డిస్కులకు, అల్ట్రా డిస్కులకు, ప్రీమియం ఎస్‌ఎస్‌డీ వీ2కు ఈ క్యాష్ వర్తించదు.

ఒక్కో డిస్క్‌నే మార్చు. అది మళ్ళీ తగిలి, అదే డ్రైవ్ అక్షరంతో ఫైళ్ళన్నీ కనిపించాకే రెండవదానికి వెళ్ళు. డేటాబేస్ లేచిన వెంటనే, అది చెడిందేమో పరీక్షించే ఆదేశం డీబీసీసీ చెక్‌డీబీ నడిపి, తప్పు లేదని తేలాకే బిల్లింగ్ తెరువు. శనివారం రాత్రి నేను మేలుకొనే ఉంటాను; సర్వీసు ఆపే ముందు ఒకసారి ఫోన్ చేయి.

ఇట్లు,
మీ పెదనాన్న