నత్తగుల్లకు తెగులు కాదు, నీళ్లే కారణం

ప్రశ్న: వంద లీటర్ల మొక్కల అక్వేరియంలో నత్తలు పెంచుతున్నాను. ఆర్వో నీళ్లు పోస్తున్నాను, మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాను. నత్తగుల్లలపై తెల్ల మచ్చలు, గుంటలు పడి కొనలు ఊడిపోతున్నాయి. బూజు తెగులని చెప్పి దుకాణదారు రాగి ఉన్న మందు ఇచ్చారు. ఎంత వేయాలి?

జవాబు: ఒక్క చుక్క కూడా వేయకండి. రాగి నత్తలకు విషం. ఇప్పటికే వేసి ఉంటే ఈరోజే సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

మీరు చెప్పిన లక్షణాలు బూజువి కావు. గుల్లలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. దానికి కార్బన్ డయాక్సైడ్ తోడై పీహెచ్ (తగ్గేకొద్దీ నీళ్లలో ఆమ్లగుణం పెరిగిందని చెప్పే అంకె) పడిపోతే ఆ నీళ్లే గుల్లను కరిగించేస్తాయి. కొన అన్నిటికన్నా పాత భాగం కాబట్టి దెబ్బ ముందు అక్కడే కనిపిస్తుంది.

మందు అమ్మేముందు నీళ్లు పరీక్షించారా అని ఆ దుకాణదారును అడిగారా? పరీక్ష లేకుండా ఇచ్చే సలహా నమ్మకండి. పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నీళ్లు ఆపగల శక్తి), హార్డ్‌నెస్ (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు) మూడూ చూడాలి. పీహెచ్‌ను రెండుసార్లు కొలవండి: ఉదయం గ్యాస్ వదలకముందు, సాయంత్రం గ్యాస్ ఆపే ముందు. ఉదయం 7.4 ఉన్న తొట్టెలోనే సాయంత్రానికి 6.4 కనిపించవచ్చు. ఉదయం ఒక్కసారే చూసి అంతా బాగుందనుకునేవాళ్లు చాలామంది.

ఆల్కలినిటీ 70–90 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), హార్డ్‌నెస్ 120–150 పీపీఎం, పీహెచ్ 7.2 పైన ఉంచండి. వంద లీటర్లకు 3 గ్రాముల వంటసోడా నీళ్లలో కరిగించి పోస్తే ఆల్కలినిటీ సుమారు 18 పీపీఎం పెరుగుతుంది. రోజుకు అంతకు మించొద్దు. సోడాలో కాల్షియం లేదు కనుక, దానికోసం పగడపు ముక్కలను జాలీ సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టండి, లేదా సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క వేయండి. వారానికోసారి కొలిచి అవసరమైతే పెంచండి. ఆమ్లగుణం ఉన్న మొక్కల మట్టి అడుగున వేసి ఉంటే అది ఆల్కలినిటీని లాగేసుకుంటుంది, పోసినంతా నిలవదు.

గ్యాస్ కూడా తగ్గించాల్సిందే. ఆల్కలినిటీ 70 పీపీఎం ఉన్నా కార్బన్ డయాక్సైడ్ 30 పీపీఎం దాకా వదిలితే పీహెచ్ 6.6కు దిగుతుంది. అంత గ్యాస్ లేనిదే బతకని మొక్కలే కావాలనుకుంటే నత్తలను వేరే తొట్టెకు మార్చడం మేలు.

పడిన గుంటలు పూడవు, ఊడిన కొన తిరిగి రాదు. గుల్ల నోటి అంచున కొత్తగా పెరిగే భాగం నున్నగా, గట్టిగా వస్తోందా అన్నది మూడు, నాలుగు వారాల తర్వాత చూడండి. అక్కడా తెల్లగా పెళుసుగా వస్తుంటే మళ్లీ నీళ్లు కొలిచి, మూడు అంకెలూ రాసి పంపండి.