చేప అచ్చా, చేపల ముద్రణా?

సందేహం: జపాన్‌లో చేపకు సిరా పూసి కాగితం మీద దాని రూపం దింపే కళ గురించి వ్యాసం రాస్తున్నాను. ‘గ్యోటాకు’ను ‘చేపల ముద్రణ’ అనవచ్చా? పలకలు చెక్కి అచ్చు బొమ్మలు తీసే కళాకారుణ్ని, అంటే ప్రింట్‌మేకర్‌ను, ‘ముద్రణకర్త’ అంటే సరిపోతుందా?

సమాధానం: ముందు పలుకు సంగతి. జపాన్ వాళ్లు ‘గ్యొతకు’ అంటారు. హ్రస్వ ఒకారం మనకు ఉండగా ఇంగ్లీషు స్పెల్లింగు చూసి దీర్ఘం తీయడం దేనికి? ‘గ్యొ’ అంటే చేప. శాసనం మీద తడి కాగితం పరిచి, సిరా అద్ది నకలు తీస్తారే, అది ‘తకు’.

‘చేపల ముద్రణ’ వ్యాకరణరీత్యా తప్పు కాదు. కానీ ‘శుభలేఖల ముద్రణ’కు అలవాటుపడ్డ చెవికి, ప్రెస్సులో చేపలు తయారవుతున్నట్టు వినిపిస్తుంది. నా ఓటు ‘చేప అచ్చు’కే. పెడన కలంకారీలో చెక్క దిమ్మెనూ అచ్చే అంటారు, దాని గుర్తూ అచ్చే. ఇక్కడ చేపే దిమ్మె. జిగురు పోయేలా కడిగి, తుడిచి, సిరా పూసి, పల్చటి కాగితం పరిచి వేళ్లతో నొక్కుతారు. పొలుసు పొలుసూ దిగుతుంది (పులుసు సంగతి తర్వాత). కన్ను మాత్రం తర్వాత కుంచెతో దిద్దుతారు. పట్టిన చేప ఎంతదో చూపించుకోవడానికి చేపలు పట్టేవాళ్లు వాడిన పద్ధతి ఇది. 1839 నాటి అచ్చొకటి ఇప్పటికీ ఉంది. ‘అచ్చు గుద్దినట్టు’ అంటాం కదా, ఇది అదే, కాకపోతే కుడి ఎడమవుతుంది.

రెండో పద్ధతిలో చేపకు సిరా తగలదు. తడి కాగితాన్ని దాని ఒంటికి అంటించి, పట్టుగుడ్డలో దూది కట్టిన ఉండతో పైనుంచి రంగు అద్దుతారు. దాన్ని ‘అద్దకం’ అనండి.

ఒక తిరకాసుంది. ‘చేపతో తీసిన అచ్చు’ అని విడదీస్తేనే గ్యొతకు. చిత్తూరు జిల్లాలో పుట్టిన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారి (1925–2018) ‘చేప’ ప్రింటు అలాంటిది కాదు, లోహపు పలక మీద చెక్కి తీసిన బొమ్మ. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన ‘అతెలియే 17’ అనే కార్యశాలకు వెళ్లి, చిక్కదనంలో తేడా ఉన్న రంగులను ఒకే పలక మీద పరిచి ఒకేసారి అచ్చు తీసే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఆయన ఒకరు. అలాంటి మనిషిని ‘ముద్రణకర్త’ అంటే పాత పుస్తకాల్లోని ‘ముద్రాపకులు’ గుర్తుకొస్తారు. ‘ముద్రణ చిత్రకారుడు’ నయం. ‘ప్రింట్‌మేకర్’ అనే రాసినా నాకు అభ్యంతరం లేదు.

వాక్యంలో మాత్రం ‘చేపను ముద్రించాడు’ వద్దు, ‘చేపతో అచ్చు తీశాడు’ అని రాయండి.