హార్స్‌షూ ఆటలో కెరీర్ ఉంటుందా? నలభై దాటాక మొదలుపెట్టొచ్చా?

అమెరికాలో నేలలో పాతిన కడ్డీకి లాడాలు తొడుక్కునేలా విసిరే హార్స్‌షూ ఆటలో పైకి రావడం కుదురుతుందా, మీ వయసులో మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. నేను 42 ఏళ్ళప్పుడు మొదలుపెట్టాను. ఆరేళ్ళుగా ఒహైయోలో ఒక పార్కు లీగులో ఆడుతున్నాను.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. దీన్ని నమ్ముకుని బతకలేం. పదేళ్ళ వయసులో 50 లాడాలు విసిరి 45 కడ్డీకి తొడిగినందుకు వాల్టర్ రే విలియమ్స్ జూనియర్‌కి ‘డెడ్‌ఐ’ అని పేరొచ్చింది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. అయినా ఆయనకు తిండి పెట్టింది బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగే. ప్రొఫెషనల్ బౌలర్ల పోటీలైన పీబీఏ టూర్‌లో 47 టైటిళ్ళు గెలిచారు. మా రాష్ట్రంలోనే డిఫయన్స్ అనే ఊళ్ళో ఉండే అలన్ ఫ్రాన్సిస్‌వి ఇరవైకి పైగా ప్రపంచ టైటిళ్ళు. ఆయన కూడా ఉద్యోగం చేసుకుంటూనే ఆడారు.

ఇక ఆట సంగతి. కడ్డీల మధ్య దూరం 40 అడుగులు. ఆడవాళ్ళూ, డెబ్బై నిండిన మగవాళ్ళూ 30 అడుగుల దూరం నుంచి విసరొచ్చు. లాడం బరువు కిలో రెండొందల గ్రాములకు దగ్గరగా ఉంటుంది. మొదటి సాయంత్రం నేను బలమంతా పెట్టి విసిరాను. ఒక్కటీ కడ్డీకి పడలేదు, మర్నాడు భుజం ఎత్తలేకపోయాను. పక్క కోర్టులో ఆడుతున్న పెద్దాయన వచ్చి నా చేతిలో లాడాన్ని తిప్పి పెట్టారు. తెరిచి ఉన్న వైపు ఎడమకు, బొటనవేలు పైన. “నువ్వు విసరక్కర్లేదు, చెయ్యి ఊపి వదిలెయ్” అన్నారు. అలా వదిలితే అది గాల్లో పళ్ళెంలా ఒకటింపావు చుట్టు తిరిగి, నోరు కడ్డీ వైపు తెరుచుకుని దిగుతుంది. ఆ పావు చుట్టు నా చేతికి అలవాటు కావడానికి నాలుగు నెలలు పట్టింది. కడ్డీ చుట్టూ ఉండే తడి బంకమట్టి అంటుకుంటే లాడం జారిపోతుంది, అందుకని విసిరిన ప్రతిసారీ గుడ్డతో తుడవాలి. ఇప్పటికీ నాకు పది విసిరితే మూడే రింగర్లు, అంటే కడ్డీకి తొడుక్కునేవి, పడతాయి. అయినా లీగులో తక్కువగా ఆడేవాళ్ళకు కొన్ని పాయింట్లు కలిపే హ్యాండిక్యాప్ ఉంటుంది కాబట్టి నాకన్నా ఎంతో బాగా ఆడేవాళ్ళతో కూడా చివరిదాకా పోటీలో ఉంటాను.

ఈ ఆటను నలుగురికీ పరిచయం చేయాలన్న పట్టుదల నాకు ఆ పెద్దాయన్ని చూసే వచ్చింది. మన తెలుగువాళ్ళ పిక్నిక్‌లో రెండు కడ్డీలు పాతాను. మొదటిసారి భోజనాల బల్లలకు దగ్గరగా పాతడం నా తప్పు. ఒక లాడం కడ్డీకి తగిలి ఎగిరి పులిహోర గిన్నె పక్కన పడింది. అదృష్టవశాత్తూ ఎవరికీ తగల్లేదు. అప్పటి నుంచి చుట్టూ తాడు కడుతున్నాను, పిల్లలకు రబ్బరు లాడాలే ఇస్తున్నాను.

పోయిన వేసవిలో ఖమ్మం నుంచి వచ్చిన మా అత్తగారు కాసేపు చూసి, కొంగు దోపుకుని 30 అడుగుల గీత దగ్గర నిలబడ్డారు. ఐదో లాడం ఠంగుమని కడ్డీకి పడింది. “ఇంకోటి ఇవ్వు బాబూ” అంటూ చీకటి పడేదాకా కదల్లేదు.

మీరు ముందే లాడాలు కొనకండి. దగ్గర్లో లీగు జరిగే సాయంత్రం వెళ్ళి, కొత్తగా నేర్చుకోవాలనుకుంటున్నానని చెప్పండి. మా దగ్గరైతే అడిగినవాళ్ళ చేతిలో ఎవరో ఒకరు తమ లాడాలే పెడతారు.