20కి 18, 80కి 27: ఏ మార్కును నమ్మాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాల బత్తాయి తోట, రెండెకరాల పత్తి. మా పెద్దబిడ్డ జడ్పీ హైస్కూల్లో పదో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఎఫ్ఏ-2లో (బడిలో మధ్యమధ్య వేసే మార్కులు) లెక్కలకు 20కి 18 వచ్చినయి. ఎస్ఏ-1లో (పెద్ద రాత పరీక్ష) అదే లెక్కలకు 80కి 27. ఫిజిక్స్ 40కి 13, బయాలజీ 25, తెలుగు 66, ఇంగ్లీషు 41. ప్రోగ్రెస్ రిపోర్టు మాకు చూపకుండా నా సంతకం తనే పెట్టుకుంది. బడి సార్ ఫోన్ చేస్తే తెలిసింది. కోపంలో రెండు దెబ్బలు కొట్టిన. అప్పటినుంచి నాతో మాట్లాడుతలేదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్టల్ స్కూలు వాళ్ళు ఇప్పుడు చేర్చినా పాస్ చేయిస్తం అంటున్నరు. బత్తాయి పైసలు పెట్టి పంపాలా? నర్సు కావాలని అంటది. ఈ మార్కులతో అయితదా? పేపరు ఫోటోలు నాలుగు పంపుతున్న.

జవాబు: ముందు ఆ ఫోటోలు పంపినందుకు మీకు దండం. నాకు వచ్చే ఉత్తరాల్లో నూటికి తొంభై మంది ‘గణితం సి2, సైన్స్ డి, ఏం చేయాలి’ అని రాసి వదిలేస్తారు. దాంతో నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. 41 వచ్చినా 50 వచ్చినా సి2నే. ఆ మార్కులు ఎక్కడ పోయాయో గ్రేడు చెప్పదు, పేపరే చెబుతుంది.

మీ బిడ్డ పేపరు చాలా చెప్పింది. రెండో ఫోటోలో వర్గ సమీకరణం లెక్క చూడండి. పద్ధతి మొదటి నుంచి సరిగానే రాసింది. సూత్రం కరెక్టు, విలువలు కూడా సరైన చోటే వేసింది. మధ్యలో మైనస్ 3 లోంచి మైనస్ 7 తీసేయాల్సి వచ్చింది. 4 రావాలి, మైనస్ 10 అని రాసింది. అక్కడి నుంచి కిందికి అంతా తప్పే. మూడో ఫోటోలో 2/3కి 1/4 కలిపి 3/7 అని వేసింది. పైన పైవి, కింద కిందివి కూడేసింది. ఇవి పదో తరగతి తప్పులు కావు. భిన్నాలు, పూర్ణ సంఖ్యలు ఐదు, ఆరు తరగతుల్లో కుదురుకోవాల్సిన పాఠాలు.

ఇప్పుడు మీరే వేళ్ళ మీద లెక్కేయండి. ఈ ఏడు (2025-26) పదో తరగతి అంటే 2020-21లో మీ బిడ్డ ఐదో తరగతి. 2020 మార్చిలో మూసిన ప్రైమరీ బడులు మళ్ళీ తెరిచింది 2021 సెప్టెంబరు 1న. నడుమ పాఠాలన్నీ టీవీలో, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో. ఇంట్లో టీవీ ఉన్నా, పొలం పనుల మధ్య ఆ టైముకు దాని ముందు కూర్చున్న పిల్లలు ఎంతమందో మీకే తెలుసు. పరీక్షల్లేకుండా అందరినీ పై తరగతికి పంపారు. ఐదో తరగతి మొత్తం, ఆరులో మొదటి నెలలు అట్లా పోయాయి. ఆ తర్వాత ఏడాదే, 2022-23లో, సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. అప్పటిదాకా తెలుగులో చదివిన పిల్ల ఏడో తరగతిలో ఉన్నట్టుండి ఇంగ్లీషులో లెక్కలు చేయాల్సి వచ్చింది. ఇంగ్లీషు మీడియం తప్పని నేను అనను, కావాలని అడిగింది మనమే. కానీ గండి పడిన చోటే మళ్ళీ గండి పడింది. ఈ 27 వెనక ఈ ఏటి బద్ధకం కొంత ఉండొచ్చు. ఎక్కువ భాగం మాత్రం ఐదేళ్ళ కిందటిది.

మరి 20కి 18 ఎట్లా వచ్చాయని మీ అనుమానం. మోసం జరిగిందనుకోకండి. ఎఫ్ఏలో ఐదు మార్కులు తరగతిలో పాల్గొన్నందుకు, ఐదు నోటుపుస్తకం రాతకు, ఐదు ప్రాజెక్టుకు, ఐదు స్లిప్ టెస్టుకు. నోట్సు నీటుగా రాసి, చార్టు తెచ్చిపెట్టే పిల్లకు 18 వస్తాయి. ప్రాజెక్టంటే మన దగ్గర చాలాసార్లు గైడులో ఉన్నది చార్టు మీదికి ఎక్కించడమే. పిల్లల్ని తిట్టి లాభం లేదు, మనం నేర్పింది అదే. ఆ 18తో మీకు తెలిసేది ఒక్కటే: బడిలో చెప్పిన పని మీ బిడ్డ చేస్తోంది. లెక్క వచ్చిందా రాలేదా అన్నది అందులో తెలియదు. అది తెలిసేది ఎస్ఏలోనే. రెండు మార్కులూ నిజమే, దేని సంగతి అది చెబుతోంది.

నాలుగో ఫోటో దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఒక తోట, వెడల్పు పొడవు కన్నా 3 మీటర్లు తక్కువ, వైశాల్యం 40 చదరపు మీటర్లు, కొలతలు ఎంత అన్న ప్రశ్న. ఆమె నంబరు వేసి, కింద ఒక్క అక్షరం రాయలేదు. రాదని వదిలేసిందా? ప్రశ్న ఏమడుగుతోందో తెలియక వదిలేసిందా? దీనికి మీరే పరీక్ష పెట్టండి. పుస్తకం చూపకుండా, మాటల్లోనే మన తెలుగులో అడగండి. ‘బిడ్డా, ఒక మడి ఉంది. పొడుగు కన్నా అడ్డం మూడు మీటర్లు తక్కువ. మొత్తం నలభై చదరపు మీటర్లు. పొడుగెంత, అడ్డమెంత?’ కాసేపు ఆలోచించి 8, 5 అని చెబితే ఆమెకు లెక్క వచ్చు, ఇంగ్లీషు వాక్యం అడ్డం పడింది. చెప్పలేకపోతే లెక్క దగ్గరే మొదలుపెట్టాలి. రెంటికీ మందు వేరు. నా అంచనా మొదటిదే. తెలుగులో 66 తెచ్చుకున్న పిల్లకు చదివి అర్థం చేసుకునే శక్తి లేదని నేను నమ్మను.

మీకు తోట తెలుసు కాబట్టి తోటతో పోల్చి చెప్పాలని చెయ్యి లాగుతోంది. కానీ చెట్టుకు ఆకు పసుపెక్కితే అది దాచుకోదు. మీ బిడ్డ దాచుకుంది. మీ ఉత్తరంలో నాకు 27 కన్నా ఎక్కువ భయం పుట్టించింది ఆ సంతకమే. తప్పు తప్పే, కాదనను. అయితే మార్కు చూపిస్తే ఇంట్లో ఏమవుతుందో ఆమె ముందే ఊహించుకుంది. మీరు కొట్టారు, ఆమె ఊహ నిజమైంది. రేపు ఫిజిక్స్ పేపరు కూడా దాస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా దాస్తుంది. ఇంట్లో మార్కులు చూపించే దారి మూసుకుపోతే మీరు ఎంత మంచి ట్యూషన్ పెట్టినా ఏది రావడం లేదో తెలియదు. ముందు దాన్ని తెరవండి. క్షమాపణ అంటూ పెద్ద మాటలు అవసరం లేదు. ‘కొట్టకపోవాల్సింది, ఇక కొట్టను. పేపర్లన్నీ తీసుకురా, ఇద్దరం చూద్దాం’ అంటే చాలు. చూసేటప్పుడు ముందుగా ఆమె సరిగా చేసినవి చూడండి. బయాలజీలో 40కి 25 తెచ్చుకుంది. ఆ మాట మీరు ఉత్తరంలో అంకె వేసి దాటేశారు.

ఇంట్లో తిండి మానేయడం, నిద్ర లేకపోవడం, ‘నేను లేకపోతే పీడ పోతుంది’ లాంటి మాటలు కనపడితే మార్కుల సంగతి పక్కన పెట్టేసి మానసిక సాయం అందించే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

హాస్టల్ సంగతి. వద్దు. పదో తరగతి పరీక్షకు పేర్లు, ఫీజు అన్నీ చదువుతున్న బడి నుంచే వెళ్తాయి, నడిమధ్యలో బడి మార్చడమే ఒక తలనొప్పి. అది సర్దుకున్నా, ఆ హాస్టల్లో జరిగేది పదో తరగతి సిలబస్ తెల్లవారు నాలుగు నుంచి రాత్రి పది దాకా బట్టీ పట్టించడం. 2/3కి 1/4 కలపడం రాని పిల్లకు రోజుకు పద్నాలుగు గంటలు త్రికోణమితి రుద్దితే ఏమొస్తుంది? ‘పాస్ చేయిస్తాం’ అని నవంబరులో చెప్పేవాళ్ళు ఆ పేపరు ఒక్కసారైనా అడిగి చూశారా? అడగలేదని పందెం కాస్తాను. మీ బత్తాయి పైసలు దగ్గరే పెట్టుకోండి, ఇంటర్‌కు అక్కరకొస్తాయి.

ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి గణితం పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగుగా అచ్చయ్యాయి. మీ ఇంట్లో అటక మీద ఉండొచ్చు, లేకపోతే చిన్న పిల్లల దగ్గర అడగండి. రోజూ అరగంట, ఇరవై రోజులు, పూర్ణ సంఖ్యలు, భిన్నాలు మాత్రమే. ఇంగ్లీషు పేజీ చదవాలి, అర్థం కాకపోతే పక్క పేజీ చూడాలి, మళ్ళీ ఇంగ్లీషు పేజీకి రావాలి. లెక్కలో వచ్చే ఇంగ్లీషు మాటలు అంతా కలిపి వందకు అటూఇటూ ఉంటాయి. ఒక చిన్న నోటుపుస్తకంలో ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు రాసుకోమనండి. పదో తరగతి పిల్ల ఏడో తరగతి పుస్తకం పట్టుకుంటే తోటివాళ్ళు నవ్వుతారని సిగ్గుపడుతుంది. ఇంట్లో చదువుకోమనండి, ఎవరికీ చెప్పక్కర్లేదు.

దాంతోపాటు బడిలో సాయంత్రం స్పెషల్ క్లాసులు జరుగుతాయి, అవి మానకూడదు. పత్తి ఏరే రోజుల్లో ఎన్నిసార్లు బడి మానిందో హాజరు చూసి చెప్పమని సార్‌ను అడగండి. ఆ జవాబు మీకు నచ్చకపోవచ్చు. కూలీలు దొరకడం లేదని నాకూ తెలుసు. అయినా మార్చి దాకా ఆమెను చేనుకు పిలవకండి.

పాస్ మార్కు 80కి 28. ఆమెకు తక్కువైంది ఒకటి. ఫోటోలో పార్ట్-బి చూశాను, ఇరవై బిట్లలో ఆరు ఖాళీగా వదిలింది. తప్పు రాస్తే మార్కులు కోసేది లేదు కాబట్టి బిట్టు ఖాళీగా వదలడం శుద్ధ నష్టం. ఏ ఒక్కటి తగిలినా ఆ రోజే పాస్ అయ్యేది. భిన్నాలు కుదిరాక సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, సమితులు, నిరూపక రేఖాగణితం ముందు పట్టమనండి. వీటిలో లెక్క చిన్నది, వెనకటి పాఠాల మీద ఆధారం తక్కువ. త్రికోణమితి, వృత్తాల స్పర్శరేఖలు ఆఖర్న చూసుకోవచ్చు. లెక్కల సార్ వేరే వరుస చెబితే ఆయన మాటే వినండి, ఆయన ఆమెను రోజూ చూస్తారు.

మరో చిన్న పని. ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి చూపు, రక్తం పరీక్ష చేయించండి. అచ్చంపేట వైపు నుంచి ఒక తల్లి కొడుకును తీసుకొచ్చింది, లెక్కల్లో మొద్దు అని. వాడికి బోర్డు మీద అంకెలు కనపడటం లేదు, అంతే. సిగ్గుపడి మూడేళ్ళు పక్కవాడి నోట్సు చూసి రాసుకున్నాడు. ఆడపిల్లల్లో అయితే రక్తం తక్కువై మధ్యాహ్నం నుంచే నీరసం రావడం మన జిల్లాల్లో మామూలే. దాన్ని ఇంట్లో బద్ధకం అంటారు.

నర్సు కావడం గురించి: అవుతుంది. పది పాసయ్యాక ఇంటర్ బైపీసీలో గణితం ఉండదు. బయాలజీ ఆమెకు ఇప్పటికే పట్టుబడుతోంది. బైపీసీ తర్వాత బీఎస్సీ నర్సింగ్ ఒక దారి, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మరో దారి. ఇంటర్‌లోనే ఒకేషనల్‌లో ఆడపిల్లలకు మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఉంది, అది ఏయే కాలేజీల్లో ఉందో వేసవిలో వెళ్ళి కనుక్కోండి. ఫిజిక్స్ మాత్రం బైపీసీలోనూ వెంట వస్తుంది, 40కి 13తో వెళ్తే అక్కడ కష్టపడుతుంది. అందుకే నేను భిన్నాల దగ్గర అంత పట్టుబట్టింది. ఫిజిక్స్ లెక్కలు ఆగిపోయేది కూడా అక్కడే. ఇంగ్లీషు 41 గురించి ఇప్పుడు దిగులు వద్దు.

ఒకవేళ మార్చిలో లెక్కలు పోయినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అదే వేసవిలో జరుగుతుంది, పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ఏడాది పోదు. ఈ మాట ఆమెకు ఇప్పుడే చెప్పండి. చెబితే చదవడం మానేస్తుందేమోనని తండ్రులు దాస్తారు. నేను చూసినంతలో, వెనక ఇంకో దారి ఉందని తెలిసిన పిల్లలే పరీక్ష హాల్లో చేతులు వణక్కుండా రాస్తారు.

శనివారం పొద్దున్నే బడికి వెళ్ళండి. ఆమెను వెంట తీసుకెళ్ళండి, ఆమె లేకుండా సార్‌తో మాట్లాడొద్దు. ఫిజిక్స్ పేపరు కూడా చూపమని అడగండి. ఇంటికి ఇవ్వడం కుదరదంటే అక్కడే కూర్చుని, మార్కు పోయిన ప్రతి చోటా లెక్క రాలేదా, ప్రశ్న అర్థం కాలేదా, టైము చాలలేదా అన్నది ఆమెనే అడిగి ఆమె చేతనే రాయించండి. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి. ఈసారి కొంచెం వెలుతురులో తీయండి, మొదటి ఫోటోలో సగం మీ నీడే పడింది.