శనివారాలు మానేయాలా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, శనివారం నాన్‌వెజ్ తిననంటే రూమ్మేట్లు వింతగా చూస్తున్నారని, అమ్మకేమో గుడికి వెళ్లానని అబద్ధం చెబుతున్నానని రాశావు. భక్తిగా ఉండాలా, మోడరన్‌గా మారాలా అన్నది నీ సందేహం. నాకు టెన్షన్ పెట్టిన మాట వేరే ఉంది. వీకెండ్ అంతా రూమ్ దాటడం లేదన్నావు చూడు, అది.

అమెరికాలో ఈ పిట్స్‌బర్గ్‌కి వచ్చిన కొత్తలో నేనూ అంతే. ల్యాబ్ స్నేహితులు వస్తున్నారంటే టేబుల్ మీది వెంకటేశ్వరస్వామి ఫొటో తీసి బట్టల కింద పెట్టేసేవాణ్ణి. కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం దీపం పెట్టానని చెప్పేవాణ్ణి. పోనుపోను వీళ్లతో ఇంటి సంగతులు లేవు, ఇంటివాళ్లతో ఇక్కడి సంగతులు లేవు. జ్వరమొచ్చి పడుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో తోచలేదు. నిద్ర పోయింది, ఆకలి పోయింది, సెమిస్టర్ కూడా పోయేదే.

ఒక సీనియర్ నన్ను ఊరి పక్కనే పెన్ హిల్స్‌లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడికి లాక్కెళ్లాడు. 1976 నాటి గుడి అది. దర్శనం అయ్యాక పులిహోర వడ్డించమని చేతికి గరిటె ఇచ్చారు. పేపర్ ప్లేట్లు అందిస్తుంటే ఒక పెద్దాయన "ఏ ఊరు బాబూ?" అన్నారు. తర్వాతి వారం వెళ్లకపోతే ఆయనే ఫోన్ చేశారు. నేను రాలేదని గమనించే మనిషి ఒకరున్నారని అప్పుడే తెలిసింది. అక్కణ్ణుంచే నిలదొక్కుకున్నా. మీకు వీడియో కాల్స్ ఉన్నాయి కానీ, ఫోన్‌లో అమ్మ కనిపించినంత మాత్రాన ఇక్కడ తోడు దొరికినట్టు కాదు.

గుడే అక్కర్లేదు. గుంటూరు నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కు తెలుగు ప్రేయర్ మీటింగే పుట్టిల్లు. నమ్మకం లేదంటావా, క్రికెట్ టీమ్‌లో చేరు. నిన్ను నిన్నుగా ఎరిగిన నలుగురు కావాలి, అంతే.

రూమ్మేట్లకు మామూలుగా చెప్పెయ్యి: "శనివారం నేను తినను, మీరు కానివ్వండి." ల్యాబ్‌లో నేను చెప్పిన రోజు ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత పిజ్జాలు తెప్పిస్తే ఒకటి చీజ్‌ది ఉండేది.

అయినా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లు. ఫీజులు, ఇన్సూరెన్స్ రూల్స్ వాళ్ల సైట్‌లో ఉంటాయి. పిచ్చివాళ్లే అక్కడికి వెళ్తారన్న మాట ఊళ్లోనే వదిలెయ్. బతకాలనిపించనంత దిగులొస్తే ఇక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, మెసేజ్ అయినా పెట్టొచ్చు, అర్ధరాత్రయినా పలుకుతారు. కారు లేదని మాత్రం ఆగిపోకు. మన స్టూడెంట్స్ గ్రూపులో లిఫ్ట్ అడుగు, శనివారం ఎవరో ఒకరు గుడి వైపు వెళ్తూనే ఉంటారు.