ఎంఆర్‌ఎస్‌ఏ అని రిపోర్టు వచ్చింది.. మా అబ్బాయిని ఇంటికి రానివ్వొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఘట్‌కేసర్. మా అబ్బాయికి 22 ఏళ్ళు. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. మూడు నెలలుగా తొడల మీద, పిరుదుల మీద సెగగడ్డలు వస్తున్నాయి. మెడికల్ షాపులో ఒకసారి అజిత్రోమైసిన్, ఇంకోసారి సెఫిక్సిమ్ ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తున్నాయి. పోయినవారం ఆసుపత్రిలో గడ్డ కోసి చీము పరీక్షకు పంపితే ‘ఎంఆర్‌ఎస్‌ఏ’ అని వచ్చింది. దీనికి మందులు పనిచేయవని ఇంటర్‌నెట్‌లో చదివాం. ఇప్పుడు మా అమ్మాయికీ ఒక గడ్డ లేచింది. ఇంట్లో షుగర్ ఉన్న మా అత్తగారు ఉన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా మీ అబ్బాయిని ఇంటికి రానివ్వండి. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. ఇది జలుబులాగా దగ్గుతోనో తుమ్ముతోనో పాకే జబ్బు కాదు. చీము తగలడం వల్ల, చర్మానికి చర్మం తగలడం వల్ల, ఒకరి టవలో రేజరో ఇంకొకరు వాడటం వల్ల అంటుకుంటుంది. జాగ్రత్త పడాల్సింది ఆ మూడింటి దగ్గరే.

ఎంఆర్‌ఎస్‌ఏ అనేది స్టాఫ్ అనే బ్యాక్టీరియాలో ఒక రకం. ఈ స్టాఫ్ మనకు కొత్తదేమీ కాదు. సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. చిన్న గాటు, గోకిన చోటు, షేవింగ్‌లో తెగిన చోటు దొరికితే లోపలికి దిగి గడ్డ కడుతుంది. మామిడిపండ్లు తిని వేడి చేసిందని ఇంట్లో అంటూ ఉంటారు కదా, పండు తప్పేం లేదు. ఎండాకాలం చెమటకు, బిగుతు జీన్స్ ఒరుసుకుని చర్మం చెదరడానికి మాత్రం దీంతో సంబంధం ఉంది. పెన్సిలిన్‌కు లొంగని స్టాఫ్ కోసం 1950ల చివర్లో మెథిసిలిన్ అనే మందు తెచ్చారు. 1961లోనే బ్రిటన్‌లో దానికీ లొంగని రకం బయటపడింది. అదే ఎంఆర్‌ఎస్‌ఏ. చాలాకాలం ఆసుపత్రుల్లోనే కనిపించేది. 1990ల నుంచి ఆసుపత్రి గడప తొక్కని ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళలోనూ వస్తోంది.

ఇప్పుడు ఆ రిపోర్టు చేతిలోకి తీసుకోండి. మందుల పేర్ల పక్కన ‘ఎస్’, ‘ఆర్’ అని ఉంటాయి. ఎస్ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. సెఫాక్సిటిన్ పక్కన ఆర్ ఉంటే దాన్నే ఎంఆర్‌ఎస్‌ఏగా లెక్కిస్తారు. అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్, మీరు వాడిన సెఫిక్సిమ్ ఏవీ దానిమీద పనిచేయవు. కొద్దిగా కిందికి చూస్తే కో-ట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్, లినెజోలిడ్ ఉంటాయి. మామూలుగా వీటిలో ఒకటి రెండైనా ఎస్ అనే వస్తాయి. కాబట్టి మందులే లేవన్న మాట నిజం కాదు. క్లిండామైసిన్‌కు ఎస్ ఉన్నా ‘డి టెస్ట్ పాజిటివ్’ అని రాసి ఉంటే, అంటే వాడుతుండగానే బ్యాక్టీరియా దానికి లొంగకుండా పోయే అవకాశం ఉంటే, సాధారణంగా దాన్ని వాడం. లినెజోలిడ్‌ను మొండి టీబీకి కూడా వాడతాం, అలాంటి మందును సెగగడ్డకు ఖర్చు చేసుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఏది ఇవ్వాలో మీ డాక్టర్ నిర్ణయిస్తారు. కో-ట్రైమాక్సజోల్ సల్ఫా మందు, కాబట్టి సల్ఫా మందులు పడవు అనుకుంటే ముందే చెప్పండి.

మాత్ర కంటే ముఖ్యమైనది చీము బయటికి రావడం. చీము నిండిన గడ్డలోకి ఏ యాంటీబయాటిక్ అయినా సరిగా చేరదు. చిన్న గడ్డయితే డాక్టర్ కోసి చీము తీస్తే చాలాసార్లు మాత్రే అవసరం పడదు. మీ అబ్బాయి విషయంలో మూడు నెలలు వృథా అయింది ఇక్కడే. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉన్న మందును చీటీ లేకుండా కొనకూడదు, అమ్మకూడదు. మళ్ళీ గడ్డ లేస్తే రోజుకు మూడు నాలుగుసార్లు, పది నిమిషాల చొప్పున గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టండి. పిండొద్దు, సూదితో గుచ్చొద్దు. ముక్కు దగ్గర, పై పెదవి మీద లేచిన గడ్డనైతే అసలు ముట్టుకోవద్దు. పై పెదవి మీద మొటిమ అనుకుని పిండుకున్న ఒక అమ్మాయి కళ్ళు తెరవలేనంత వాపుతో నా దగ్గరకు వచ్చింది. అక్కడి రక్తనాళాల నుంచి ఇన్‌ఫెక్షన్ మెదడు దాకా వెళ్ళగలదు. ఆమెను వారంపైగా ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది.

ఇక హాస్టల్ గది. నలుగురైదుగురు ఉండే గదిలో మంచం రాడ్డు మీద నాలుగు టవళ్ళు ఒకదాని మీద ఒకటి తడిగా వేలాడుతుంటాయి, బాత్‌రూమ్‌లో ఒకే సబ్బు నానుతుంటుంది. మీ అబ్బాయి టవల్ రంగు వేరేగా ఉండాలి, రోజూ ఎండలో ఆరాలి. సబ్బు, రేజర్ కూడా తనవే ఉండాలి. సెలూన్‌లో కొత్త బ్లేడు వేయించుకోవాలి. జిమ్‌కు వెళ్తే బెంచీ మీద టవల్ పరుచుకోవాలి, గడ్డ కారుతున్నన్నాళ్ళు జిమ్ మానేయాలి. గాయానికి కట్టు ఉండాలి. కట్టు మార్చిన దూదిని కవర్లో కట్టి చెత్తలో వేసి, చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. మీ అత్తగారి చేత ఆ పని చేయించకండి. ఆవిడకు షుగర్ ఉంది కాబట్టి, రోజూ రాత్రి పాదాల మీద గాయాలేమైనా ఉన్నాయేమో మీరే చూడండి.

అమ్మాయికీ వచ్చింది కాబట్టి, గడ్డలు మానుతున్న దశలో, ముక్కులో, చర్మం మీద ఉండిపోయిన బ్యాక్టీరియాను తగ్గించడానికి ఇంట్లో అందరికీ ఒకేసారి చికిత్స చేయొచ్చు. ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రెండు ముక్కు రంధ్రాల్లో రోజుకు రెండుసార్లు, 5 రోజులు. ఆ రోజుల్లోనే 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో స్నానం, కళ్ళలో, చెవుల్లో పడకుండా. దుప్పట్లు, దిండు గలీబులు, లోదుస్తులు అదే వారంలో వేడినీళ్ళతో ఉతకండి. ఒక్కరే చేసి మిగతావాళ్ళు మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ముపిరోసిన్‌ను నెలల తరబడి పూయకండి, దానికీ లొంగకుండా పోతుంది.

మీ అబ్బాయికి ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) చేయించండి. గడ్డలు చంకల్లో, గజ్జల్లోనే పదేపదే వచ్చి మచ్చలు, సొరంగాల్లా కడుతుంటే అది వేరే జబ్బు కావచ్చు, చర్మవైద్యులు చూడాలి.

ఎర్రదనం అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంచండి. కొన్ని గంటల్లో గీత దాటి పాకినా, చలిజ్వరం వచ్చినా, గడ్డ చిన్నదైనా నొప్పి భరించలేనంత ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అమ్మాయి గడ్డకు మాత్రలు మొదలుపెట్టకముందే చీము పరీక్ష చేయించండి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో కూడా ఈ పరీక్ష (కల్చర్) చేస్తారు, ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. డాక్టర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు అన్నయ్య రిపోర్టుతో పాటు ఇన్నాళ్ళూ వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్ళండి.