టెక్ సందేహాలు: ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తే 450 హార్స్‌పవర్ వచ్చేస్తుందా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నా కారు 2017 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ. కంపెనీ లెక్క 305 హార్స్‌పవర్. పెద్ద టర్బో వేసి 450 దాకా తీసుకెళ్దామని ఉంది. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్, క్లోజ్డ్ డెక్ బ్లాక్ (సిలిండర్ల చుట్టూ పైభాగం మూసేసి ఉండే ఇంజిన్ బ్లాక్) అన్నీ మార్చాల్సిందే అంటోంది గ్యారేజీ. నిజంగా అన్నీ కావాలా?

అన్నీ అక్కర్లేదు. అసలు ఇంజిన్ లోపల ఎంత ఖరీదైన సామాను వేసినా ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. పెంచేవి టర్బో, పెట్రోలు, ట్యూనింగ్. లోపలి సామాను చేసేది ఆ పెరిగిన పవర్ దెబ్బలు కాయడమే. అందుకే గ్యారేజీవాళ్లను అడగాల్సింది ‘ఏమేం మార్చాలి’ అని కాదు, ‘ముందు ఏది పోతుంది’ అని.

మీ ఈజే25 ఇంజిన్‌లో ముందు పోయేది పిస్టన్. సుబారు వాళ్లందరికీ తెలిసిన జబ్బే ఇది. కంపెనీ వేసిన పిస్టన్ సిలికాన్ ఎక్కువ కలిపిన పోత అల్యూమినియం. వేడికి పెద్దగా వ్యాకోచించదు, చప్పుడు చేయదు, కానీ పెళుసు. నాకింగ్, అంటే పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం, వచ్చినప్పుడు సుత్తితో కొట్టినట్టు దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకు రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు, అదే రింగ్‌ల్యాండ్, విరుగుతుంది. ఎక్కువగా నాలుగో సిలిండర్‌లోనే. అలా పోయిన పిస్టన్ ఒకటి ఓ షెడ్డులో నా చేతికిచ్చారు. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. పక్కకు తిప్పితే మొదటి రింగు కింద చిటికెన వేలి గోరంత ముక్క లేదు! ఆ గోరంత ముక్కకే బోరు, అదే సిలిండర్ లోపలి గోడ, నిలువునా గీసుకుపోయింది, ఇంజిన్ మొత్తం దించాల్సి వచ్చింది.

మీ బోరు వ్యాసం 99.5 మిల్లీమీటర్లు. మంట అంటుకున్న క్షణంలో లోపల 100 బార్ల పీడనం పుట్టిందనుకోండి, పిస్టన్ నెత్తిన పడేది దాదాపు 8 టన్నులు. కాబట్టి ఫోర్జ్‌డ్ పిస్టన్లు, అంటే పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసినవి, తప్పవు.

ఇక రాడ్లు. వీటి మీద పడే బరువు రెండు రకాలు. టార్క్ పెరిగితే పైనుంచి నొక్కుడు పెరుగుతుంది, రాడ్ వంగేది దానికే. ఆర్‌పీఎం పెరిగితే లాగుడు పెరుగుతుంది, రాడ్ బోల్టులు తెగేది దానికి. పిస్టన్, పిన్ను కలిపి అర కిలో అనుకుందాం. 7000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు ఆ అర కిలో దాదాపు 1400 కిలోల బరువుతో రాడ్‌ను లాగుతుంది. 8000కి వెళ్తే మరో 30 శాతం ఎక్కువ. మీ 450 హార్స్‌పవర్ 6500 దగ్గర వస్తే చాలు, అక్కడ టార్క్ 490 న్యూటన్‌మీటర్లకు కాస్త పైన. కంపెనీ ఇచ్చింది 393. అంటే మీ బాధ నొక్కుడే, లాగుడు కాదు. ఎలాగూ ఇంజిన్ విప్పుతున్నారు, కూలీ ఒక్కటే, రాడ్లు కూడా వేయించేయండి. క్రాంక్ కంపెనీదే ఫోర్జ్‌డ్, ఈ లెక్కకు చాలు. క్లోజ్డ్ డెక్ కూడా ఈ స్థాయికి అక్కర్లేదు, మీది ఎలాగూ సెమీ క్లోజ్డ్. ఆ డబ్బు మంచి హెడ్ స్టడ్స్‌కీ (సిలిండర్ హెడ్‌ను బ్లాక్‌కు బిగించేవి), కొత్త బేరింగ్ షెల్స్‌కీ, అడుగునుంచి ఆయిల్ లాగే పికప్ గొట్టానికీ పెట్టండి. కంపెనీ పికప్ గొట్టం చిట్లిందంటే ఆయిల్ అందదు, అప్పుడు ఏ ఫోర్జింగూ కాపాడదు.

పిస్టన్ కొనేటప్పుడు 2618, 4032 అని రెండు రకాల అల్యూమినియం మిశ్రమాలు చెబుతారు. 2618లో సిలికాన్ తక్కువ, దెబ్బకు పగలకుండా ఓర్చుకుంటుంది. కానీ వేడికి బాగా వ్యాకోచిస్తుంది కాబట్టి బోరులో ఎక్కువ సందు ఇవ్వాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టకటకమంటుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. రోజూ ఆఫీసుకి ఇదే కారా? అయితే 4032. ట్రాక్ మీద ఉతుకుదామనుకుంటే 2618.

నన్నడిగితే సామాను పేరుకంటే కొలత ముఖ్యం. టర్బో ఇంజిన్‌లో పై రింగు కొసల మధ్య సందు బోరును సుమారు 0.0055తో గుణించినంత ఉంచుతారు, మీకు 0.55 మిల్లీమీటర్లు. సందు తక్కువైతే వేడికి కొసలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, రింగు బోరుకు పట్టేస్తుంది. అప్పుడు ఏ గట్టు కోసం ఇంత ఖర్చు పెట్టారో ఆ గట్టే మళ్లీ విరుగుతుంది. ప్రతి సిలిండర్ కొలతా కాగితం మీద రాసిమ్మనండి. ‘ఇవ్వం’ అంటే ఇంకో గ్యారేజీ చూసుకోండి. పెట్రోలులో ఆక్టేన్ ఎక్కువైతే నాకింగ్ తక్కువ; మీ ఊళ్లో 93 ఆక్టేన్ దొరుకుతుంది, అదృష్టవంతులు. కాలిఫోర్నియావాళ్లు 91తోనే సరిపెట్టుకుంటున్నారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో పోలో జీటీ 1.2 టీఎస్‌ఐ నడుపుతున్నాను. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించాను. ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తే ఇంకా లాగొచ్చా?

వద్దు. మీ ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డ్రై క్లచ్‌ది (ఆయిల్‌లో మునగని క్లచ్), దాని పరిమితే 250 న్యూటన్‌మీటర్లు. కంపెనీ 175 ఇచ్చింది, రీమ్యాప్‌తో ఉన్న వెసులుబాటులో చాలా వాడేశారు. ఇంకా లాగితే ముందు చేతులెత్తేసేది గేర్‌బాక్స్. పైగా కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. బీమా క్లెయిమ్ రోజున ఇది గుర్తొస్తే లాభం లేదు.

ప్రశ్న: నాదీ ఎస్‌టీఐనే. కారు డయాగ్నస్టిక్ పోర్టుకు తగిలించే చవక ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్‌తో నాకింగ్ కనిపెట్టొచ్చా?

మామూలు యాప్‌తో కుదరదు. కూలెంట్ వేడి, ఆర్‌పీఎం లాంటివి వస్తాయి తప్ప సుబారు సొంత నాక్ లెక్కలు రావు. కాబ్ యాక్సెస్‌పోర్ట్ అనే ట్యూనింగ్ పరికరం గానీ, రోమ్‌రైడర్ సాఫ్ట్‌వేర్‌కు తగ్గ కేబుల్ గానీ కావాలి. అందులో ఫీడ్‌బ్యాక్ నాక్ (ఇప్పుడే నాకింగ్ విని చేసిన దిద్దుబాటు), ఫైన్ నాక్ లెర్నింగ్ (గుర్తుపెట్టుకున్న దిద్దుబాటు), డీఏఎమ్ (ట్యూన్ మీద ఇంజిన్ కంప్యూటర్‌కున్న నమ్మకం లెక్క) అని మూడు చూడండి. ఒకటి రెండు చిన్న కదలికలకు కంగారు పడక్కర్లేదు. డీఏఎమ్ మాత్రం 1 దగ్గరే నిలవాలి. తగ్గిందా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ఇంటికి మెల్లగా వెళ్లి, లాగ్ ఫైల్ ట్యూనర్‌కు పంపండి.